ఏడుపూ ఒక మాటే

పసిపాపకు మాటలు రావు. కానీ తన బాధ, తన సంతోషం ఏడుపుతో, నవ్వుతో, చూపుతో చెబుతుంది.

పుట్టిన మొదటి రోజుల్లో పాప ఏడ్చినా కన్నీళ్ళు రావు. ఆకలి వేసినా, గుడ్డ తడిసినా, ఉక్కపోసినా ఏడుస్తుంది. చెయ్యి నోట్లో పెట్టుకుని చప్పరిస్తుంటే ఆకలికి గుర్తు. ఏడ్చేదాకా ఆగకుండా పాలివ్వాలి.

"ఏడ్చినప్పుడల్లా ఎత్తుకుంటే అలవాటు పడుతుంది" అని కొందరు అంటారు. అది నిజం కాదు. నెలల పిల్లను ఎత్తుకుంటే ధైర్యం వస్తుంది. ఆడపిల్లయినా, మగపిల్లవాడైనా ఒకటే.

2 నెలలకు పాప తల్లి ముఖం చూసి నవ్వుతుంది. 4 నెలలకు కిలకిలా నవ్వుతుంది. 7, 8 నెలలకు కొత్తవాళ్ళను చూసి ఏడుస్తుంది. అది మొండితనం కాదు. తనవాళ్ళెవరో పాపకు తెలిసింది.

ఈ వయసులోనే తల్లి కూలికి పోతుంటే పాప కొంగు పట్టుకుంటుంది. ఒక ఇంట్లో కోడలు అత్తను అడిగింది.

"అత్తమ్మా, పాప వదలడం లేదు. చూడకుండా వెళ్ళిపోనా?"

"వద్దమ్మా. అమ్మ ఏమైపోయిందోనని బెంగపడుతుంది. ముద్దు పెట్టి, వస్తానని చెప్పి వెళ్ళు. నేను ఆడిస్తాను."

రెండు రోజులు పాప ఏడ్చింది. తల్లి రోజూ తిరిగి వస్తుందని మెల్లగా తెలిసింది. ఏడుపు తగ్గింది.

పాప ఎంత ఏడ్చినా గట్టిగా పట్టి కుదపకూడదు. మెదడులో రక్తం కారి ప్రాణం పోవచ్చు. నిద్ర కోసం నల్లమందు పెట్టకూడదు. అదీ ప్రాణం తీస్తుంది. విసుగు వస్తే పాపను చాప మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. ఇంట్లో ఇంకొకరిని పిలవాలి. పాపను చూసుకోవడం తల్లి ఒక్కతే చేసే పని కాదు. తండ్రి కూడా ఎత్తుకోవాలి, ఆడించాలి.

3 నెలలు నిండినా పాప నవ్వకపోతే, పెద్ద చప్పుడుకు ఉలిక్కిపడకపోతే ఏ.ఎన్.ఎం.కు చూపించాలి. పాలు తాగడం మానేస్తే, ఏడుపు సన్నబడితే, ఒళ్ళు కాలితే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. కాన్పు తర్వాత తల్లికి రెండు వారాలు దాటినా దిగులు పోకపోతే ఆమెనూ చూపించాలి. అదీ జబ్బే. నయమవుతుంది.

చెప్పండి:
1. 8 నెలల పాప కొత్తవాళ్ళను చూసి ఎందుకు ఏడుస్తుంది?
2. పాపను ఎందుకు కుదపకూడదు?

రాయండి:
మీ ఇంట్లో పాప దేనికి నవ్వుతుంది? దేనికి ఏడుస్తుంది? రెండు వాక్యాలు రాయండి.