మీ ఎయిర్ రైఫిల్‌కు నప్పే పెల్లెట్‌ను ఎంచుకోవడం ఎలా?

అమెరికాలో పెద్ద రైఫిళ్లతో గురి పోటీలకు వెళ్లేవాళ్లలో చాలామంది తూటాలు ఇంట్లోనే నింపుకుంటారు. తమ తుపాకీకి ఏ మందు, ఏ గుండు నప్పుతుందో పట్టుకోవడానికే ఆ శ్రమంతా. మన దగ్గర ఎక్కువమంది మొదలుపెట్టేది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తో. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్‌కు 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిపెట్టిన పోటీ ఇదే. ఇందులో పెల్లెట్ ఫ్యాక్టరీలోనే తయారై వస్తుంది, మనం నింపేదేమీ ఉండదు. ఎంపిక మాత్రం మనదే. దాన్ని దుకాణం వాళ్లకో క్లబ్బులో సీనియర్లకో వదిలేయకండి. ఒక బ్యారెల్‌లో అద్భుతంగా పడే పెల్లెట్ పక్కవారి బ్యారెల్‌లో చెదిరిపోవచ్చు. కాల్చి చూస్తే తప్ప తెలియదు, ధరను బట్టి అసలే తెలియదు.

ముందుగా 4.5 మిల్లీమీటర్ల మ్యాచ్ పెల్లెట్లు, తల బల్లపరుపుగా ఉన్నవి తీసుకోండి. అవి కాగితంలో గుండ్రటి, శుభ్రమైన రంధ్రం చేస్తాయి. మొనదేలినవైతే కాగితాన్ని చింపుతాయి, పాయింటు తేల్చడం కష్టం. డబ్బా మీద 4.49, 4.50, 4.51 అని తల కొలత ఉంటుంది. మిల్లీమీటరులో నూరో వంతు తేడాయే అయినా బ్యారెల్‌కు అది తెలుస్తుంది. రెండు కంపెనీలవి, ఒక్కోదానిలో రెండు మూడు కొలతలవి చిన్న మొత్తాల్లో కొనండి. లాట్ నంబరు వెంటనే రాసిపెట్టుకోండి.

వాటిని మెత్తటి గుడ్డ మీద నెమ్మదిగా పరిచి చూడండి. సీసం మెత్తన, డబ్బా కింద పడినా వెనక అంచు వంగిపోతుంది. వంగినవాటిని, తెల్లటి పొడి పట్టినవాటిని పక్కన పెట్టేయండి. విశాఖ లాంటి తేమ ఊళ్లలో మూత గట్టిగా పెట్టడం మరచిపోవద్దు. ఒక్కో పెల్లెట్‌ను తూచి వేరుచేసేవాళ్లూ ఉన్నారు. కొత్తవాళ్లకు ఆ శ్రమ అక్కర్లేదని నా అభిప్రాయం, ఆ గంట నిలబడి కాల్చడం మేలు. సీసం ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోనిదే ఏమీ తినకండి.

పరీక్షలో తేలాల్సింది పెల్లెట్ సంగతి, మీ చేతి వణుకు కాదు. అందుకే అకాడమీలో రైఫిల్‌ను బిగించే క్లాంపు ఉంటే దాన్ని అడిగి వాడుకోండి. లేకపోతే బల్ల ముందు కూర్చుని, తుపాకీ ముందు చెక్కను ఇసుక సంచి మీద ఆనించండి. బ్యారెల్ గానీ గాలి సిలిండర్ గానీ దేనికీ ఆనకూడదు. స్క్రూలు బిగువుగా ఉన్నాయో లేదో, సిలిండర్‌లో గాలి తగినంత ఉందో లేదో చూసుకోండి. కోచ్ పక్కనే ఉండాలి, తుపాకీ మూతి ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి, కాల్చే గీత దగ్గరకు వచ్చాకే పెల్లెట్ పెట్టాలి.

రకం మార్చిన ప్రతిసారీ మొదటి పది పదిహేను షాట్లు లెక్కలోకి తీసుకోకండి. బ్యారెల్ ఆ సీసానికి అలవాటు పడాలి. తర్వాత కొత్త కాగితం మీద ఒకే గురికి పది కాల్చండి. ఐదుతో తృప్తి పడవద్దు, అదృష్టవశాత్తు ఐదూ దగ్గరగా పడటం మామూలే. గుంపు నల్ల వలయంలో ఏ మూల పడినా సైట్లు కదపకండి. ఇప్పుడు కావాల్సింది గుంపు ఎంత చిన్నదన్నదే. కాగితం మీద పెల్లెట్ రకం, లాట్, తేదీ రాయండి.

ఇక కొలత. గుంపు బయటి అంచు నుంచి అవతలి బయటి అంచు దాకా వెర్నియర్‌తో కొలవండి. పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటరే. పెల్లెట్ అంచు దాన్ని తాకితే చాలు, పది వచ్చినట్టే. అంటే రంధ్రాలన్నీ 9.5 మిల్లీమీటర్ల వలయంలో ఇమిడి, ఆ వలయం చుక్క మీదే కేంద్రీకృతమైతే అన్నీ పదులే. కానీ ఆ చోటంతా పెల్లెటే తినేస్తే మీ చేతికి మిగిలేదేమీ ఉండదు. పోటీల్లో 10.9 వరకు దశాంశాల్లో లెక్కిస్తారు, ఒక్కో దశాంశానికి దూరం పావు మిల్లీమీటరే. అందుకే గుంపు 7 మిల్లీమీటర్ల లోపుంటే సంతోషించండి, 6కి దిగితే ఆ పెల్లెట్‌ను వదలకండి.

మొదటి రెండు స్థానాల్లో నిలిచినవాటిని మరో రోజు మళ్లీ కాల్చండి. రెండు రోజులూ ఒకటే గెలిస్తే ఆ లాట్ నంబరు డబ్బాలే సీజన్‌కు సరిపడా కొనండి. అదే కంపెనీ, అదే కొలత అయినా లాట్ మారితే పరీక్ష మొదటికొస్తుంది.

నిలబడి కాల్చినప్పుడు మీ షాట్లు ఇంకా ఏడు, ఎనిమిది వలయాల్లోనే తిరుగుతుంటే మాత్రం ఈ పరీక్షను వాయిదా వేసి, క్లబ్బులో దొరికే మ్యాచ్ పెల్లెట్లతోనే సాధన చేయండి. ఎక్కువ షాట్లు తొమ్మిదికి చేరాక ఈ పరీక్ష మొదలుపెట్టండి.