ఫైనల్‌కు ముందు రాత్రి

అఫ్జల్‌గంజ్,
హైదరాబాద్.

బిడ్డా,

నువ్వు పంపిన కర్టెన్ రైజర్ చదివాను. స్పోర్ట్స్ డెస్కులో చేరిన కొద్దికాలానికే ఇంటర్నేషనల్ బ్యాడ్మింటన్ టోర్నీ ఫైనల్స్ ప్రివ్యూ నీ చేతికి ఇచ్చారంటే వాళ్లకు నీ మీద గురి కుదిరినట్టే. నాకు చాలా సంతోషంగా ఉంది. స్కోర్లలో తప్పుల్లేవు, విదేశీ పేర్లు జాగ్రత్తగా రాశావు. కానీ చదివి పక్కన పెట్టాక, రేపు టీవీ ముందు కూర్చుని దేనికోసం చూడాలో నాకు తెలియలేదు. అమీతుమీ ఉంది, రసవత్తర పోరు ఉంది, టైటిల్ వేట ఉంది. ఫైనల్ ఆడే ఇద్దరి ఆట మాత్రం లేదు. పేర్లు మారిస్తే ఆ కాపీని ఏ ఫైనల్‌కైనా వేసుకోవచ్చు. పైగా చివరి పేరాలో ఎవరు గెలుస్తారో తేల్చేశావు. ఈ ఉత్తరం ముఖ్యంగా దాని గురించే.

రెండు ఫైనల్స్ పక్కపక్కన పెట్టి చూడు. 2017 ఆగస్టు, గ్లాస్గో, ప్రపంచ చాంపియన్‌షిప్. సెమీస్‌లో సింధు చైనా అమ్మాయి చెన్ యుఫీని 21-13, 21-10తో రెండే గేముల్లో ఓడించింది. అవతలి సెమీస్‌లో జపాన్ అమ్మాయి ఒకుహారా మన సైనాకు మొదటి గేము వదులుకుని, మూడు గేములాడి గట్టెక్కింది. 2019 ఆగస్టు, బాసెల్, అదే చాంపియన్‌షిప్. సెమీస్‌లో సింధు మళ్లీ చెన్ యుఫీనే 21-7, 21-14తో ఓడించింది. ఒకుహారా మళ్లీ మొదటి గేము పోగొట్టుకుని, థాయ్‌లాండ్ అమ్మాయి రచనోక్ మీద మూడు గేములాడింది. అంటే ఫైనల్‌కు ముందు రాత్రి డెస్కు ముందున్న ఆధారాలు రెండుసార్లూ ఒకటే. సింధు తాజాగా ఉంది, ఒకుహారా అలసి ఉంది. ఎవరైనా సింధుదే అని రాస్తారు.

గ్లాస్గోలో ఏమైంది? 110 నిమిషాల ఆట. రెండో గేము చివరి పాయింటుకు 73 షాట్ల ర్యాలీ నడిచింది. ఆ పాయింటు సింధుకే వచ్చినా చివరికి 21-19, 20-22, 22-20తో బంగారు పతకం ఒకుహారా తీసుకుపోయింది. అలసిపోయిందనుకున్న అమ్మాయే ఆఖరి దాకా నిలబడింది. బాసెల్‌లో మొదటి గేము విరామానికే సింధు 11-2తో ముందుంది. 21-7, 21-7. మొత్తం ఆటకు నలభై నిమిషాలైనా పట్టలేదు.

తేడా ఎక్కడుందంటావా? ఒకుహారా ఐదడుగుల ఒక అంగుళం మనిషి. కోర్టు నాలుగు మూలలకూ పరిగెత్తి, వచ్చిన ప్రతి షటిల్‌నూ తిరిగి పంపుతుంది. ర్యాలీ ఎంత సాగితే ఆమెకు అంత లాభం. సింధు ఆమె కంటే ముప్పావు అడుగు పొడవు. పైనుంచి ఏటవాలుగా దించి కొట్టగలదు, ఒక్క అంగలో నెట్ దగ్గరికి రాగలదు. గ్లాస్గోలో ర్యాలీలు ఒకుహారాకు కావలసినట్టు సాగాయి. బాసెల్‌లో సింధు వాటిని సాగనివ్వలేదు. ఇది ముందు రాత్రి ఎవరికీ తెలిసేది కాదు, కానీ అడగాల్సిన ప్రశ్న ఇదేనని తెలుసు. 'ర్యాలీని ఎవరు నడిపిస్తారు? మొదటి పది పాయింట్లు చూడండి' అని రాసి ఉంటే, ఆ కాపీ రెండు ఫైనల్స్‌కూ సరిపోయేది. ఆదివారం ఆట చూసినవాడికి అది పనికొచ్చేది కూడా.

ప్రివ్యూ ఎవరి కోసం రాస్తున్నావో ఒకసారి ఆలోచించు. ఇక్కడ ఉస్మానియా ఆస్పత్రి ఎదుట టీ కొట్ల దగ్గర పేపరు ఒకరు పట్టుకుంటే నలుగురు వింటారు. లోపల వార్డులో ఉన్న మనిషి కోసం రాత్రంతా బయట కూర్చున్నవాళ్లు, సరుకు దింపడానికి వచ్చిన హమాలీలు. వాళ్లలో ఎక్కువమంది రాకెట్ పట్టి ఉండరు. అయినా సింధు పేరు వస్తే చెవి ఒగ్గుతారు. వాళ్లకు ముఖాముఖి రికార్డు 8-7 అని చెబితే ఏమీ అందదు. (బాసెల్‌కు ముందు సింధుకు ఉన్న ఆధిక్యం అంతే.) ఆ ఏడు ఓటములూ ఎలా వచ్చాయో ఒక్క వాక్యంలో చెబితే అందుతుంది.

మా గల్లీలో పిల్లలు రెండు స్తంభాలకు తాడు కట్టి ప్లాస్టిక్ షటిల్‌తో ఆడతారు. టాస్ గెలిచినవాడు ముందు గాలి ఎటు వీస్తోందో చూసుకుంటాడు. పెద్ద స్టేడియంలోనూ ఇదే లెక్క. అక్కడి షటిల్‌కు ఐదు గ్రాముల బరువు, పదహారు ఈకలు; ఏసీ గాలికే పక్కకు జరుగుతుంది. గాలి వెనకనుంచి వచ్చే వైపు ఆడేవాళ్లు కాస్త గట్టిగా లేపితే షటిల్ బేస్‌లైన్ దాటిపోతుంది. మూడో గేములో 11 దగ్గర కోర్టు మారతారు కాబట్టి అక్కడ ఆట తిరగబడడానికి ఇదొక కారణం. శనివారం సెమీస్ చూసేటప్పుడు ఎవరు ఏ వైపునుంచి ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్నారో నోట్‌బుక్‌లో గీసుకో. ఏజెన్సీ కాపీలో అది దొరకదు.

మనవాళ్లు లేని ఫైనల్ అయితే నాలుగు లైన్లతో సరిపెట్టేస్తారు. అది నాకు బాధగా ఉంటుంది. 2009లో ప్రపంచ చాంపియన్‌షిప్ మన గచ్చిబౌలిలోనే జరిగింది. సైనా క్వార్టర్స్‌లో ఆగిపోయింది. చివరి రోజు కోర్టు మీద భారతీయులెవరూ లేరు. కానీ పురుషుల సింగిల్స్‌లో లిన్ డాన్ ఉన్నాడు, చెన్ జిన్ మీద ఫైనల్ ఆడాడు. మిక్స్‌డ్‌లో డెన్మార్క్ జంట లేబోర్న్, రిటర్ యూల్ అంతకుముందు చాంపియన్లయిన ఇండోనేసియా జంటను ఓడించింది. అలాంటి ఆట మన ఊళ్లోనే జరుగుతున్నప్పుడు వెళ్లి చూడమని చెప్పాల్సిన పని మనదే కదా.

ఇంకొకటి. 2019 హైదరాబాద్ ఓపెన్ చిన్న టోర్నీ, సూపర్ 100. ఫైనల్స్‌లో ఓడినవాళ్లలో ఒకడు సింగపూర్ కుర్రాడు లో కీన్ యూ, ఒకమ్మాయి కొరియాకు చెందిన పదిహేడేళ్ల ఆన్ సే యంగ్. రెండేళ్లకు అదే లో కీన్ యూ మన శ్రీకాంత్‌ను ఓడించి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆన్ సే యంగ్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచింది. ర్యాంకు తక్కువని, పేరు తెలియదని ఎవరినీ ఒక్క ముక్కలో తోసేయకు. వాళ్ల ఆటకు కూడా రెండు వాక్యాలు కేటాయించు.

ఇద్దరూ మనవాళ్లే అయినప్పుడు మరీ కష్టం. 2017 ఏప్రిల్‌లో సింగపూర్ ఓపెన్ ఫైనల్ శ్రీకాంత్‌కూ సాయి ప్రణీత్‌కూ పడింది. ఇద్దరూ గోపీచంద్ అకాడమీలో రోజూ ఎదురెదురుగా ఆడేవాళ్లు. ఒకరి చేతిలో షటిల్ ఎటు తిరుగుతుందో రెండోవారికి ముందే తెలుసు. ప్రణీత్ మొదటి గేము పోగొట్టుకుని 17-21, 21-17, 21-12తో గెలిచాడు. ఇలాంటి చోట స్నేహం, సొంతూరు అంటూ పేజీ నింపడం తేలిక. అలా నింపకు. తెలిసిన ఆటను మార్చి ఆడే ధైర్యం ఎవరికుందన్నదే అక్కడ రాయాల్సింది.

డబుల్స్‌ను కూడా చివరి పేరాలోకి నెట్టకు. డబుల్స్ ఆడే సాత్విక్ అమలాపురం నుంచి వచ్చినవాడు, వాళ్ల ఊళ్లో ఆ పేరా కోసమే పేపరు కొంటారు. సర్వీస్, ఆ తర్వాతి మూడు షాట్లు ఎలా ఉంటాయో చెబితే చాలు.

వచ్చే వారం సెలవు పెట్టుకుని మా ఇంటికి రా. పొద్దున్నే స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి వెళదాం. 2001 మార్చి పేపర్ల ఫైలు తీయించి చూడాలి. మార్చి 11న గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ ఫైనల్లో చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించాడు. ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న ఫతేమైదాన్‌లో ఆరిఫ్ సాబ్ దగ్గర ఆట నేర్చుకున్న కుర్రాడు. ఆ ఉదయం పేపర్లలో ఫైనల్ గురించి ఎవరెవరు ఏం రాశారో చదువు. ఫలితం తెలిసిపోయాక కూడా వాటిలో ఏ వాక్యాలు చదవబుద్ధవుతున్నాయో పెన్సిల్‌తో నీ నోట్‌బుక్‌లో ఎక్కించుకో. మధ్యాహ్నం భోజనం మీ పెద్దమ్మ చేసి ఉంచుతుంది.

నీ
పెద్దనాన్న