బుధవారం రాత్రి మీ సైట్ ఎవరి చేతిలో ఉంటుంది?

వెబ్‌సైట్లు నడిపే డ్రూపల్ సాఫ్ట్‌వేర్ భద్రతా ప్రకటనలు మామూలుగా బుధవారాల్లో వస్తాయి. కోర్‌కి సంబంధించినవైతే నెలలో మూడో బుధవారం. ప్రకటన వెలువడే వేళకి అమెరికాలో పగలు, మనకి రాత్రి. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉండి విదేశీ క్లయింట్ల సైట్లు చూసుకునే కుర్రాళ్లకి ఈ సంగతి ఉద్యోగంలో చేరిన వారంలోనే చెప్పాలి. చాలాచోట్ల ఎవరూ చెప్పరు.

2014 అక్టోబర్ 15న ఏం జరిగిందో గుర్తు చేసుకుందాం. ఆ బుధవారం డ్రూపల్ 7లో ఒక ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ లోపం బయటపడింది. ప్రమాద తీవ్రత 25కి 25. అదే రోజు ప్యాచ్ వచ్చింది. రెండు వారాల తర్వాత భద్రతా బృందం మరో ప్రకటన చేసింది: మొదటి ప్రకటన వచ్చిన ఏడు గంటల్లోపు ప్యాచ్ వేయని ప్రతి సైట్‌లోనూ ఎవరో చొరబడ్డారనే అనుకుని చర్యలు తీసుకోవాలని. మన గడియారంలో ఆ గడువు గురువారం తెల్లవారుజామున నాలుగున్నర. పొద్దున్నే ఆఫీసుకొచ్చి మెయిల్ చూసుకుని అప్‌డేట్ చేసినవాళ్లు కూడా ఆలస్యం చేసినట్టే లెక్క.

2018లో ఇంకో పెద్ద లోపం దొరికింది. ఈసారి బృందం వారం ముందే హెచ్చరించింది. మార్చి 28న ఏ గంటలో ప్యాచ్ విడుదలవుతుందో కూడా చెప్పింది. మనకది రాత్రి పదకొండున్నర నుంచి ఒంటిగంట మధ్య. ఆ హెచ్చరిక చదివిన టీములు ముందే మనుషుల్ని కేటాయించుకున్నాయి, బ్యాకప్‌లు తీసి పెట్టుకున్నాయి. చదవనివాళ్లకి ఆ వారం వ్యవధి ఉన్నా లేనట్టే అయింది. రెండు వారాలు దాటగానే దాడికి పనికొచ్చే కోడ్ నలుగురి చేతుల్లోకీ వచ్చేసింది.

అందుకే నా మాట ఒకటే. మీరు పనిచేసే సాఫ్ట్‌వేర్ తాలూకు వార్తలు చదవడం తీరికవేళ కాలక్షేపం కాదు, మీ డ్యూటీలో భాగం. టైమ్‌షీట్‌లో దానికి చోటు అడగండి. వారానికి ఒక అరగంట అడిగితే కాదనే మేనేజర్ ఉండడు. ఉంటే పైన చెప్పిన ఏడు గంటల కథ వినిపించండి.

ప్రకటన చేతికొచ్చాక దాన్ని చదవడం కూడా నేర్చుకోవాలి. పైన ‘క్రిటికల్’ అన్న మాట చూసి కంగారు పడనక్కర్లేదు, ‘మోడరేట్లీ క్రిటికల్’ అని ఉందని పక్కన పెట్టేయనూ కూడదు. దాని పక్కనే చిన్న అక్షరాల్లో ఒక వరుస ఉంటుంది. అందులో ‘ఏ’ దగ్గర ‘నన్’ అని ఉంటే లాగిన్ లేనివాడు కూడా దాడి చేయగలడని అర్థం. ‘అడ్మిన్’ అని ఉంటే ముందు పెద్ద అనుమతులున్న ఖాతా దొరకాలి. ‘ఈ’ దగ్గర ‘ఎక్స్‌ప్లాయిట్’ అని కనిపిస్తే దాడి విధానం అప్పటికే బయట ఉందన్నమాట. ఆ తర్వాత ఏయే వెర్షన్లకి వర్తిస్తుందో చూసి, మీ సైట్‌లో ఆ మాడ్యూల్ నిజంగా నడుస్తోందో లేదో సరిచూసుకుని, క్లయింట్‌కి నాలుగు వాక్యాలు రాయండి. “ఈ లోపం మనకి వర్తిస్తుంది, లాగిన్ లేకుండానే వాడుకోవచ్చు, ఈ రాత్రే అప్‌డేట్ చేస్తున్నాం” అని సూటిగా రాయగలిగిన మనిషిని ఏ క్లయింటూ వదులుకోడు.

భద్రత తర్వాత చూడాల్సింది గడువు తేదీలు. డ్రూపల్ 7కి మద్దతు మొదట 2021 నవంబర్‌తో ముగియాలి. కోవిడ్ వల్ల ఒకసారి పొడిగించారు, తర్వాత మళ్లీ మళ్లీ పొడిగించారు. ఈసారీ పొడిగిస్తారులే అని కూర్చున్నవాళ్లకి 2025 జనవరి 5న తలుపు మూసుకుంది. ఏడు నుంచి ఎనిమిదికి వెళ్లడమంటే దాదాపు సైట్‌ని కొత్తగా కట్టుకోవడమే. ఎనిమిది తర్వాత ఆ బాధ బాగా తగ్గింది. పాత కోడ్‌ని ముందుగానే గుర్తించి మార్చుకుంటూ వస్తే తర్వాతి వెర్షన్‌కి వెళ్లడం కష్టం కాదు. ఏవేవి మార్చాలో ‘అప్‌గ్రేడ్ స్టేటస్’ మాడ్యూల్ చూపిస్తుంది. డ్రూపల్ 10కి 2026 డిసెంబర్ వరకే మద్దతని ప్రకటించారు. డ్రూపల్ 11కి పీహెచ్‌పీ 8.3 కావాలి. సర్వర్ మార్చడానికి క్లయింట్ దగ్గర అనుమతి తీసుకోవడానికే నెలలు పట్టొచ్చు కనుక ఆ మాట ముందే ఎత్తండి.

ఇక కమ్యూనిటీ సంగతి. వార్తలు చదివేవాళ్లు ఒక అడుగు ముందుకేసి, లోపాలూ మార్పులూ చర్చించే ఇష్యూ క్యూలోకి వెళ్లాలి. కోడ్ రాయడంతోనే మొదలుపెట్టనక్కర్లేదు. ‘నీడ్స్ రివ్యూ’ అని ఉన్న ఒక ప్యాచ్‌ని తీసుకోండి. అది వేయకముందు తప్పు ఎలా వచ్చిందో, మీరు ఏ వెర్షన్‌లో, ఏయే దశల్లో పరీక్షించారో, వేశాక ఏమైందో రాయండి. మీరు రాసింది పనికొచ్చిందనుకుంటే ఆ ప్రాజెక్టు నిర్వాహకులు మీ పేరిట క్రెడిట్ ఇస్తారు. అది మీ ప్రొఫైల్‌లో నిలిచిపోతుంది. రెజ్యూమెలో ‘అయిదేళ్ల అనుభవం’ అన్న వాక్యాన్ని ఎవరైనా రాసుకోవచ్చు, ఈ రికార్డు మాత్రం పనిచేసినవాళ్లకే ఉంటుంది. క్రెడిట్ల కోసం ప్రతి ఇష్యూ కిందా ‘నాకూ పనిచేసింది’ అని ఒక ముక్క రాసి పోవడం మాత్రం చేయకండి. దానికి క్రెడిట్ రాదు సరికదా, పేరు పోతుంది.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. కంపెనీ అనుమతి లేకుండా క్లయింట్ కోడ్‌ని బయట పెట్టకండి. భద్రతా లోపం మీ కంటబడితే అందరికీ కనిపించే ఇష్యూలో రాయకండి, భద్రతా బృందానికి విడిగా తెలియజేయండి. మీరు తొందరపడి రాసిన ఒక్క వాక్యం వేల సైట్ల మీదికి దాడిని తెచ్చిపెట్టగలదు.

రేపు ఆఫీసుకెళ్లగానే మీ చేతిలో ఉన్న ప్రతి సైట్‌కీ డ్రూపల్ వెర్షన్, పీహెచ్‌పీ వెర్షన్, మద్దతు ముగిసే తేదీ, బుధవారం రాత్రి ఫోన్ ఎత్తే మనిషి పేరు ఒక షీట్‌లో రాయండి. ఆ చివరి గడి ఖాళీగా ఉంటే ముందు దాన్ని నింపండి.