కారాన్ని ఎవరి నాలుకతో కొలవాలి?

పోయిన నెల ఒక మధ్యాహ్నం క్లాసులో డబ్బాలు విప్పుకొని తింటూ ఉంటే చిన్న తగువు వచ్చింది. రామనాథపురం వైపు చుట్టాలున్న అమ్మాయి “గుండు మిరపకాయను మించిన కారం ఎక్కడా లేదు” అంది. సాత్తూరు నుంచి బస్సులో వచ్చే అమ్మాయి ఒప్పుకోలేదు. వాళ్ళ సంబా మిరపకాయ ముందు గుండు కాయ వాసనకే గానీ కారానికి పనికిరాదంది. వేసవి సెలవులకు గుంటూరులో మేనమామ ఇంటికి వెళ్ళొచ్చిన మూడో అమ్మాయి ఇద్దర్నీ చూసి నవ్వి, “మీరు తేజ కాయ ఒక్కటి కొరికి ఉంటే ఈ మాట అనరు” అంది. అటుగా వెళుతున్న మా మేడమ్ ఆగి ఒకటే అడిగారు: “సరేనమ్మా, ఎవరి నాలుకతో కొలిచి చెబుతున్నారు?”

ఎవ్వరం జవాబు చెప్పలేకపోయాం. ఆ జవాబు కోసం వెతికితే దొరికిన సంగతులే ఇవి. సైన్సు విషయం తెలుగు విభాగం గోడ పత్రికలో ఎందుకు అనుకోకండి. దీని మొదలు ఒక మాటలోనే ఉంది.

మిరపకాయ మన దేశపు పంట కాదు. దాని పుట్టిల్లు మెక్సికో, దక్షిణ అమెరికా వైపు. పోర్చుగీసువాళ్ళు 1498లో కోళిక్కోడు చేరి, 1510లో గోవా పట్టుకున్నాక వాళ్ళ ఓడల్లో ఇక్కడికి వచ్చింది. శ్రీకృష్ణదేవరాయలు 1509 నుంచి 1529 దాకా ఏలాడు కదా, ఆయన వంటింట్లో చారు ఘాటెక్కిందంటే అది మిరియాల వల్లే అయ్యుండాలి. మన పెద్దలు విజయనగర కాలంలో అటునుంచి దక్షిణానికి దిగి వచ్చారని రాజపాళయం ఇళ్ళల్లో చెప్పుకుంటాం. వాళ్ళ మూటల్లో ఉన్న కారం కూడా బహుశా మిరియమే.

కొత్త కాయ వచ్చింది, దానికి పేరు లేదు. తమిళంలో మిళగు అంటే మిరియం. ఆ మాటకే కాయ చేర్చి మిళగాయ్ అన్నారు. కన్నడంలో మెణసు నుంచి మెణసినకాయి వచ్చింది. మలయాళంలో దీన్ని కప్పల్ ముళగు అని కూడా అంటారు, అంటే ఓడ మిరియం. ఈ పేరు నాకు చాలా నచ్చింది, ఆ కాయ ఎలా వచ్చిందో కూడా అందులోనే చెప్పేశారు. మన మిరపకాయకీ మిరియానికీ చుట్టరికం చెవికే తెలుస్తుంది. ఇంగ్లీషువాళ్ళు కూడా మిరియానికి పెట్టిన పెప్పర్ అన్న పేరునే దీనికీ తగిలించారు. చెట్ల లెక్కన చూస్తే ఈ రెంటికీ ఏ సంబంధమూ లేదు. మిరియం తీగకు కాస్తుంది, మిరపేమో వంకాయ, టమాటాల కుటుంబం. ఇన్ని భాషలవాళ్ళు కలిసి ఒకే తప్పు ఎలా చేశారా అనుకున్నాను. అది తప్పు కాదని తర్వాత తెలిసింది. ఆ సంగతి కింద చెబుతాను.

ఇక కొలత దగ్గరికి వద్దాం. విల్బర్ స్కోవిల్ అనే ఫార్మసిస్టు అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో పార్క్-డేవిస్ అనే మందుల కంపెనీలో పనిచేసేవాడు. ఆ రోజుల్లో మిరప సారాన్ని మందుల్లో కలిపేవాళ్ళు. ఏ సారం ఎంత ఘాటుగా ఉందో తెలియకపోతే ఎంత కలపాలో తెలియదు. 1912లో ఆయన ఒక పద్ధతి కనిపెట్టాడు. ఎండుమిరపను తూకం వేసి, ఆల్కహాల్‌లో నానబెట్టి సారం తీయాలి. దాన్ని చక్కెర నీళ్ళలో కలిపి ఐదుగురికి రుచి చూపించాలి. కారం తగిలిందంటే ఇంకా చక్కెర నీళ్ళు కలపాలి. ఐదుగురిలో ముగ్గురు “ఇక మంట తెలియడం లేదు” అనేదాకా అలా పలచన చేస్తూ పోవాలి. ఎన్ని రెట్లు పలచన చేస్తే మంట పోయిందో అదే ఆ కాయ అంకె. దాన్నే స్కోవిల్ యూనిట్ అంటున్నాం.

అంకెలు ఊరికే చదివితే బుర్రకెక్కవు. బిందెల లెక్కలోకి మార్చి చూశాను. గుంటూరు సన్నం రకానికి 35 వేల నుంచి 40 వేల యూనిట్లు చెబుతారు. 35 వేలే తీసుకుందాం. ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్ల సారం అనుకుంటే, దాని మంట తెలియకుండా పోవడానికి 175 లీటర్ల చక్కెర నీళ్ళు కావాలి. 15 లీటర్ల బిందెలైతే దాదాపు పన్నెండు. తేజ రకానికి 75 వేల నుంచి లక్ష దాకా చెబుతారు, కాబట్టి బిందెలు ఇరవై అయిదు దాటతాయి. కూరకు వాడే కుడై మిళగాయ్, అదే కాప్సికం, సున్నా. దానికి ఒక్క చుక్క నీళ్ళు కూడా అక్కర్లేదు.

అయితే ఈ పద్ధతిలో పెద్ద చిక్కుంది. నాలుక అలిసిపోతుంది. రెండు మూడు సార్లు కారం తగిలాక నాలుగోసారి అంత తెలియదు. రోజూ ఊరగాయ తినేవాళ్ళ నాలుకా, పెరుగన్నం తప్ప ముట్టనివాళ్ళ నాలుకా ఒకటే మాట చెప్పవు. మేడమ్ అడిగిన ప్రశ్న స్కోవిల్‌నే అడిగినట్టుంది! అందుకే తర్వాతి కాలంలో నాలుకలను పక్కనబెట్టి యంత్రాన్ని తెచ్చారు. హెచ్.పి.ఎల్.సి. అంటారు. మిరప సారాన్ని ఒత్తిడితో సన్నటి గొట్టం గుండా పంపితే అందులోని పదార్థాలు ఒక్కొక్కటిగా విడిపోయి వేరువేరు సమయాల్లో బయటికొస్తాయి. అప్పుడు క్యాప్సైసిన్ ఎంత, దాని చుట్టపు పదార్థాలు ఎంత అని కొలవచ్చు. పది లక్షల పాళ్ళలో ఒక పాలు క్యాప్సైసిన్ ఉంటే దాన్ని సుమారు 16 స్కోవిల్ యూనిట్ల కింద లెక్క కడతారు. అచ్చమైన క్యాప్సైసిన్ అయితే కోటీ అరవై లక్షలు.

ఆ లెక్క తిరగేసి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. కిలో గుంటూరు సన్నం ఎండుమిరపలో మనల్ని ఏడిపించే పదార్థం రెండు గ్రాముల పైచిలుకే. మిగతాదంతా తోలు, గింజ, తొడిమ, రంగు, వాసన.

ఆ రెండు గ్రాములూ కాయలో ఎక్కడుంటాయి? గింజల్లో అని మా అవ్వ ఇప్పటికీ అంటుంది. గింజలు దులిపేసి వేస్తే కారం తగ్గుతుంది కూడా. కానీ క్యాప్సైసిన్ తయారయ్యేది గింజలో కాదు, గింజలు అతుక్కొని ఉండే లోపలి తెల్లటి ఈనెలో. గింజలు దులిపేటప్పుడు ఆ ఈనె కూడా ఊడొస్తుంది కాబట్టి అవ్వ చేసే పని సరైనదే, చెప్పే కారణమే కాస్త పక్కకు జరిగింది. ఒకే రకం కాయ అయినా నీళ్ళు తక్కువైన చేనులో కారం పెరగడం మామూలే. అందుకే ఏ రకానికైనా ఇంత నుంచి ఇంత దాకా అంటారు గానీ ఒకే అంకె చెప్పరు.

రికార్డుల సంగతి తొందరగా చెప్పేస్తాను, నాకు వాటి మీద పెద్ద మోజు లేదు. మన ఈశాన్య రాష్ట్రాల భూత్ జొలోకియా 2007లో పది లక్షలు దాటిన మొదటి మిరపగా గిన్నిస్‌కెక్కింది. 2013లో కరోలినా రీపర్ వచ్చింది. 2023లో పెప్పర్ ఎక్స్ అనే అమెరికా రకం 26 లక్షల 93 వేల యూనిట్లతో దాన్ని దాటింది. దీన్ని బిందెల్లో చెప్పలేం, ఒక చెంచా సారానికి 13 వేల లీటర్ల పైన నీళ్ళు కావాలి. దానితో చారు ఎవరు పెట్టుకుంటారో నాకైతే తెలియదు.

మన చుట్టుపక్కల కాయలే నాకు ఎక్కువ ముచ్చటగా అనిపించాయి. రామనాథపురం గుండు మిరపకాయకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాన మీద ఆధారపడిన చేలలో పండుతుంది. గుండ్రంగా, తోలు మందంగా ఉంటుంది కాబట్టి తాలింపులో వేసినప్పుడు చప్పున మాడదు, సాంబారంతా దాని వాసనే. మన మళిగై కొట్లలో తాలింపుకు గుండు, పొడికి పొడుగు కాయ అని వేరువేరుగా కట్టిస్తారు, గమనించే ఉంటారు. కర్ణాటక బ్యాడగి కాయ ముడతలు పడి ఎర్రగా ఉంటుంది, రంగు ఎక్కువ, కారం తక్కువ. వరంగల్ చపాటా మిరపకు 2025లో గుర్తింపు వచ్చింది, లావుగా ఉంటుంది కాబట్టి టమాటా మిర్చి అని కూడా అంటారు, అదీ రంగుకే పేరు. అంటే కొనేవాళ్ళు కారం ఒక్కటే చూడరు. క్లాసులో జరిగిన తగువుకు నా తీర్పు అడిగితే, అంకెల్లో తేజదే గెలుపు. మా ఇంటి సాంబారుకు మాత్రం గుండు కాయే కావాలి.

ఇప్పుడు ఇందాక ఆపిన సంగతి. ఉగాది పచ్చడి తింటూ ఆరు రుచుల్లో కారం ఒకటని చిన్నప్పటి నుంచి చెప్పుకుంటున్నాం. శరీరం లెక్కలో అది రుచి కాదు, నొప్పి. మన నరాల చివర్లలో వేడిని పసిగట్టే ఒక ప్రోటీన్ ఉంది. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే అది “కాలుతోంది” అని మెదడుకు కబురు పంపుతుంది. క్యాప్సైసిన్ తగిలినా సరిగ్గా అదే కబురు పంపుతుంది. 1997లో డేవిడ్ జూలియస్ బృందం దీన్ని కనిపెట్టింది, ఆయనకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. తెలుగులో మనం కారం తగిలితే “మంట” అంటాం కదా, నిప్పుకీ అదే మాట. మన నరాలూ అలాగే అంటున్నాయి. ఇంకో విశేషం, మిరియంలో ఉండే పైపరిన్ అనే పదార్థం బలం తక్కువైనా మీటేది ఆ ప్రోటీన్‌నే. ఓడ దిగిన కొత్త కాయకు మిరియం పేరు పెట్టినవాళ్ళు చెట్టును చూడలేదు, నాలుకను నమ్మారు. పక్షులలో ఈ ప్రోటీన్ క్యాప్సైసిన్‌కు లొంగదు. అందుకే చిలక పండుమిరపకాయను కళ్ళనీళ్ళు లేకుండా తింటుంది.

ఈ భాగం చదువుతుంటే నాకు మా పెద్దమ్మ గుర్తొచ్చింది. ఆమె చాలా ఏళ్ళు విరుదునగర్ వైపు ఒక గోడౌన్‌లో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళింది. సాయంత్రం ఇంటికొచ్చి, మార్గళి చలిలో కూడా చన్నీళ్ళే పోసుకొనేది. వేడినీళ్ళు కాచి ఇస్తానన్నా వద్దనేది. కట్టెలు ఖర్చవుతాయని పిసినారితనం చేస్తోందనుకొని నేను ఎగతాళి చేశాను కూడా. అసలు సంగతి ఏమిటంటే, క్యాప్సైసిన్ అంటుకున్న చర్మంలో ఆ ప్రోటీన్ 43 డిగ్రీల దాకా ఆగదు. మామూలు గోరువెచ్చని నీళ్ళకే కాలుతోందని కేకపెడుతుంది. ఆమెకు ఆ నీళ్ళు నిజంగానే నిప్పు.

మొన్న ఆదివారం వెళ్ళి, చదివిందంతా చెప్పాను. సిగ్గుగా కూడా అనిపించింది. ఆమె మామూలుగా వింది. “గుండు కాయ బస్తా విప్పిన రోజు ఏమీ కాదు. సన్న కాయ వచ్చిన రోజు రాత్రి చేతులు కొంగులో చుట్టుకొని కూచునేదాన్ని” అంది. రకాల వరుస మొత్తం ఆమె వేళ్ళకు తెలుసు. కూలి మాత్రం కిలోకి ఇంత అనేవారట, కాయ ఏదైనా ఒకటే. కొనేవాళ్ళు కారం అంకె చూసి ధర కట్టే చోట్లున్నాయి, తొడిమ తీసే చేతికి ఆ అంకెతో పని పడలేదు. నోబెల్ సంగతి చెబితే “ఆయనకి ఎంత ఇచ్చారు?” అని అడిగింది. చెప్పాక కాసేపు ఏమీ మాట్లాడలేదు.

వంటింట్లో పనికొచ్చే మాట ఒకటి. క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. కాబట్టి నోరు మండినప్పుడు చెంబెడు నీళ్ళు తాగితే మంట నోరంతా పాకుతుందే గానీ తగ్గదు. పాలో మజ్జిగో తాగాలి, పాలలోని కేసిన్ అనే ప్రోటీన్ దాన్ని పట్టుకొని లాక్కుపోతుంది. చేతులు మండితే ముందు నువ్వుల నూనె రుద్ది, తర్వాత సబ్బుతో, ఆపైన చన్నీళ్ళతో కడుక్కోవాలి. వేడినీళ్ళు ముట్టకూడదు, కళ్ళు అసలు నలపకూడదు. పెద్దమ్మకు ఇది కొత్త కాదు. వాళ్ళంతా పొద్దున పనిలో కూర్చునే ముందే చేతులకు నూనె రాసుకొనేవాళ్ళట.

తగువు పెట్టుకున్న ముగ్గురూ ఈసారి తలో గుప్పెడు కాయలు తెస్తామన్నారు. వాటితో పాటు మాటలు కూడా కావాలి. కారం, మంట, ఘాటు, ఈ మూడూ మన ఇళ్ళ తెలుగులో ఎక్కడెక్కడ ఎలా వాడతారు? ఎండుమిరపకాయను మీ ఇంట్లో ఏమంటారు, వత్తల్ అంటారా, వేరే మాట ఉందా? ఈ కాగితం కింద ఖాళీ వదిలాను. మీ ఊరి పేరుతో అక్కడ రాయండి, పెన్సిల్ దారానికి కట్టి ఉంది.