నేల తడవని లీకు

విజయవాడ ఆటోనగర్‌లో పొద్దున్నే ఎనిమిదింటికి సగం షెడ్ల షట్టర్లు ఇంకా దించే ఉంటాయి. మా మావయ్య క్వాలిస్ మాత్రం రాత్రి నుంచీ మేస్త్రీ షెడ్డు ముందే ఉంది. ముందు రోజే తెచ్చి వదలమన్నాడాయన. ఇంజన్ పూర్తిగా చల్లారందే రేడియేటర్ మూత మీద చెయ్యి వెయ్యడు. 2003 మోడల్ డీజిల్ బండి, 2446 సీసీ ఇంజన్, రెండు లక్షల ఎనభై వేల కిలోమీటర్లు తిరిగింది. టయోటా వాళ్లు మన దేశంలో ఈ బండిని 2000లో మొదలుపెట్టి 2005లో ఆపేశారు. ఆపేసినా ఊళ్లలో ఇంకా తిరుగుతూనే ఉంది.

జబ్బు ఇది. వంద కిలోమీటర్లు తిరిగితే పావు లీటరుకు పైగా నీళ్లు తగ్గుతున్నాయి. బండి కింద ఒక్క చుక్క ఉండదు. ఇంతకుముందు చూసిన షెడ్డులో రేడియేటర్ మార్చారు, మూత మార్చారు, పైపులు మార్చారు. 7,850 రూపాయలు ఖర్చయ్యాయి, నీళ్లు మాత్రం తగ్గుతూనే ఉన్నాయి. "నీళ్లు పోతన్నాయి మేస్త్రీ, ఎటు పోతన్నాయో తెలవట్లా" అన్నాడు మావయ్య. మేస్త్రీ బానెట్ ఎత్తకుండానే అడిగిన మొదటి ప్రశ్న: "బండి నిలబడి ఉన్నప్పుడు తగ్గుతన్నాయా మాస్టారూ, తిరిగినప్పుడా?" మావయ్య దగ్గర జవాబు లేదు. నాకు కూడా ఆ ప్రశ్న విలువ ఆ రోజు రాత్రికి గాని తెలియలేదు.

ముందు చూపుతో పని. బానెట్ ఎత్తి, టార్చి వేసి, పది నిమిషాలు ఏదీ ముట్టుకోకుండా చూస్తాడు. వేడి ఇనుము మీద పడిన కూలెంట్ నేల దాకా రాదు, దారిలోనే ఆవిరైపోతుంది. నీరు పోయినా అందులోని రంగూ ఉప్పూ ఎండి చారగా మిగులుతాయి. ఆ చారను మేస్త్రీలు మరక అంటారు. కానీ ఈ ఇంజన్ అద్దంలా ఉంది. వారం వారం వాటర్ సర్వీస్ చేయిస్తున్నాడు మావయ్య. లీకు వారమంతా రాసిపెట్టుకున్న ఆనవాళ్లు ఆదివారం ప్రెషర్ గొట్టం దెబ్బకు కొట్టుకుపోతున్నాయి. "ఇది తేలిందాకా ఇంజన్ కడగమాకండి" అన్నది మేస్త్రీ మొదటి మందు.

తర్వాత ఇంజన్ లోపలి అనుమానాలు. డిప్‌స్టిక్ తీసి ఆయిల్ రంగు చూస్తాడు. నీళ్లు కలిస్తే ఆయిల్ పాలు పోసిన టీ రంగుకు తిరుగుతుంది. ఇక్కడ నల్లగానే ఉంది. ఆయిల్ పోసే మూత వెనక మీగడ లాంటి పొర లేదు. రాత్రంతా చల్లారిన ఇంజన్ మీద రేడియేటర్ పై గొట్టాన్ని పిసుకుతాడు, మెత్తగానే ఉంది. చల్లారాక కూడా గొట్టం బిగిసి ఉంటే సిలిండర్ల గాలి నీళ్ల దారిలోకి దూరుతోందని అనుమానించాలి. డాష్‌బోర్డు కింద, కాళ్లు పెట్టే చోట మ్యాటు ఎత్తి అరచేత్తో తడిమాడు. హీటర్ లోపల చిన్న రేడియేటర్ ఉంటుంది, అది చిల్లిపడితే నీళ్లు కారేది బండి లోపలికే. పొడిగా ఉంది.

ఇప్పుడు ప్రెషర్ పరీక్ష. రేడియేటర్ మూత తీసి, ఆ స్థానంలో గేజి ఉన్న చేతి పంపు బిగిస్తాడు. మూత మీద 0.9 అని ఉంది, అంటే చదరపు సెంటీమీటరుకు 0.9 కేజీల ఒత్తిడి. ఆ ఒత్తిడి కింద మామూలు నీళ్లు కూడా 118 డిగ్రీల దాకా మరగవు. మూత స్ప్రింగు నీరసపడితే 100 డిగ్రీలకే మరిగి రేడియేటర్ పక్కనుండే ప్లాస్టిక్ డబ్బాలోకి తన్నేస్తాయి. అందుకని మూతను కూడా విడిగా పంపుకు బిగించి చూశాడు, బాగానే నిలిచింది. ఇక వ్యవస్థ మొత్తాన్ని 0.9కి ఎక్కించి, కుర్రాడి చేత గొట్టాల చివర్లకూ క్లిప్పుల చుట్టూ రేడియేటర్ అతుకుల మీదా పిల్లల పౌడరు చల్లించాడు. ఎక్కడైనా తడి బయటికొస్తే తెల్లటి పొడిలో గీత పడుతుంది. ఇరవై నిమిషాలు గడిచాయి. గేజి ముల్లు కదల్లేదు, పౌడరులో గీత లేదు.

చాలామంది ఇక్కడే ఇంజన్ పై భాగాన్ని, అంటే హెడ్‌ను, విప్పుదామంటారు. అది వేలల్లో ఖర్చు, మూడు నాలుగు రోజుల పని. మేస్త్రీ విప్పలేదు. నీలం ద్రవం ఉన్న గాజు గొట్టం తెచ్చి, మూత తీసిన రేడియేటర్ నోటి మీద ఆనించి, ఇంజన్‌ను వేడెక్కనిచ్చి, పైనుండే గాలిని రబ్బరు బుర్రతో ఆ ద్రవంలోంచి లాగించాడు. సిలిండర్లలో కాలిన వాయువు నీళ్లలోకి దూరుతుంటే అందులోని బొగ్గుపులుసు వాయువు తగిలి నీలం రంగు మారుతుంది. పెట్రోలు బండికి పసుపు, డీజిలుకు ఆకుపచ్చ. డీజిల్ ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు ఆ వాయువు పలచగా ఉంటుంది కనుక రెండు నిమిషాలతో సరిపెట్టకుండా యాక్సిలరేటర్ పెంచుతూ పది నిమిషాలు చూశాడు. నీలం నీలంగానే ఉంది. హెడ్ కింద ఉండే గాస్కెట్ మీద పడ్డ నింద అలా పోయింది.

మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి మేస్త్రీ ఒక నిర్ణయానికి వచ్చి ఉన్నాడు. చల్లగా, కదలకుండా ఉన్నప్పుడు ఈ బండి కారడం లేదు. కాబట్టి తిరిగే భాగమేదో తిరిగేటప్పుడే కారుస్తోంది. నీళ్ల దారిలో తిరిగే వస్తువు ఒక్కటే, వాటర్ పంపు. పాత షెడ్డు వాళ్లు దాన్నీ చూశారట. ఫ్యాన్ రెక్కలు పట్టుకుని ఊపి, ఆట లేదని తేల్చారట. ఆట అంటే బేరింగ్ అరిగి ఇరుసు వదులుగా కదలడం. మేస్త్రీకి ఆ తీర్పు మీద నమ్మకం లేదు. అయినా పంపు మార్చేయమనలేదు, ముందు సాక్ష్యం కావాలన్నాడు. ఆయన మీద నాకు గౌరవం కుదిరింది అప్పుడే.

సాక్ష్యం కోసం మెరిసే రంగు. 30 మిల్లీలీటర్ల సీసా, 250 రూపాయలు. దాన్ని రేడియేటర్‌లో పోసి, మూత బిగించి, ఇంజన్ ముందు భాగాన్ని పొడి గుడ్డతో తుడిచి, చీకటి పడ్డాక గన్నవరం దాకా వెళ్లి వచ్చాం. రానూపోనూ ముప్పై కిలోమీటర్లు దాటింది. ఏసీ వేసి, హైవే మీద ఎనభైలో పోనిచ్చాడు కుర్రాడు. షెడ్డు లైట్లు ఆర్పి, పసుపు కళ్లద్దాలు పెట్టుకుని, ఊదా వెలుగు టార్చి వేశాడు మేస్త్రీ. ఫ్యాన్ రెక్కల వెనక వైపు పచ్చటి తుంపరలు. ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ చట్రం లోపల ఒక వలయంలా పచ్చటి చుక్కలు. బానెట్ అడుగున కూడా సన్నటి చార. నీళ్లు ఎటు పోతున్నాయో అందరికీ కనబడింది. ఫ్యాన్ విసిరేస్తోంది, వేడి ఆరబెట్టేస్తోంది, నేలకు మిగిలేది ఏమీ లేదు. డాక్టర్లు వాడే పంటి అద్దం లాంటి చిన్న అద్దాన్ని పుల్లీ వెనక్కి పోనిస్తే పంపు అడుగున ఒక బెజ్జం, దాని అంచున చిక్కటి పచ్చదనం. పంపు తయారు చేసేవాళ్లే ఆ బెజ్జం పెడతారు. లోపలి సీలు దాటి వచ్చిన నీరు బేరింగ్‌లోకి పోకుండా బయటికి పోవడానికి ఆ దారి.

రెండో రోజు పొద్దున విప్పడం. ముందు కింది ప్లగ్గు వదులు చేసి పాత నీళ్లు బకెట్లోకి దించుతారు. కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలు నాకుతాయి, పిల్లలు ముట్టుకుంటారు. కుర్రాడు వెంటనే మూత ఉన్న డబ్బాలోకి వంపాడు. తర్వాత ఫ్యాన్ చట్రం, బెల్టులు. బెల్టులు తీసిన వెంటనే మేస్త్రీ నన్ను పిలిచి రెక్కలు పట్టుకోమన్నాడు. పైకీ కిందికీ ఊపితే టక్కుమని చేతికి తగిలింది. బెల్టులు బిగువుగా ఉన్నంతసేపూ ఇరుసును ఒక పక్కకు లాగి పట్టుకుంటాయి, ఆట దాగిపోతుంది. బెల్టులతోనే ఊపి చూసినవాళ్లు అందుకే మోసపోయారు.

12 నంబరు పానాతో బోల్టులు ఒక్కొక్కటీ వస్తున్నాయి. ఇరవై ఏళ్ల నాటి బోల్టు మొరాయిస్తే బలం పెట్టడు, తుప్పు వదిలించే నూనె కొట్టి పావుగంట ఆగుతాడు. లోపల బోల్టు విరిగితే ఈ పని మూడింతలవుతుంది. పంపు ఊడి వచ్చాక దాని రెక్క మీద గోరు మందాన తెల్లటి సున్నపు పొర, మధ్యలో తుప్పు ఎరుపు. నీళ్లు తగ్గినప్పుడల్లా మావయ్య ఇంటి బోరు నీళ్లు పోశాడు. బోరు నీళ్లలోని సున్నం వేడికి విడిపోయి ఇనుముకు అంటుకుంటుంది, గరుకు రేణువులు సీలు ముఖాన్ని గీకుతాయి. దానికి తోడు గతంలో బెల్టులు మార్చినవాళ్లు మరీ బిగించేశారు. ఆ లాగుడుకి బేరింగ్ అరిగింది, ఇరుసు వణికింది, తిరిగినప్పుడల్లా సీలు నోరు తెరిచింది. ఇరుసు ఆగగానే సీలు మళ్లీ కుదురుకుంది. చల్లటి ప్రెషర్ పరీక్షకు దొరకకపోవడానికి కారణం అదే.

దారిలో ఉన్నప్పుడే థర్మోస్టాట్ కూడా తీసి చూస్తాడు. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని కవాటం అది. మన ఎండలకు ఇదెందుకని చాలా షెడ్లలో పీకి పారేస్తారు. ఆ మాట వింటే మేస్త్రీకి కోపం వస్తుంది. అది లేకపోతే ఇంజన్ ఎప్పటికీ సరైన వేడికి రాదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది, లోపల మసి పడుతుంది. గిన్నెలో నీళ్లు పెట్టి, దారంతో దాన్ని వేలాడదీసి, పక్కన థర్మామీటరు ఉంచి స్టవ్ వెలిగించాడు. 82 దగ్గర నోరు తెరవడం మొదలైంది, 95కి పూర్తిగా తెరుచుకుంది. మళ్లీ వాడవచ్చు. ప్యాకింగ్ మాత్రం కొత్తది, 60 రూపాయలు.

పంపు కూర్చునే ముఖం మీద పాత ప్యాకింగ్ అంటుకుని ఉంది. దీని మీద మేస్త్రీ అరగంట పెట్టాడు. స్క్రూడ్రైవర్ వాడడు, అల్యూమినియం మీద గీత పడితే అదే రేపటి లీకు. పదును లేని బ్లేడుతో గీకి, సన్న ఎమరీ కాగితంతో రుద్ది, పెట్రోలు గుడ్డతో తుడిచి, గోటితో రాసి చూస్తాడు. కొత్త పంపు 2,900. కొత్త ప్యాకింగ్ మీద సీలెంట్ పలచగా పూత పూస్తాడు. ఎక్కువైతే లోపలికి పిండుకొచ్చి, రాలి రేడియేటర్ సన్న గొట్టాల్లో ఇరుక్కుంటుంది. బోల్టులన్నీ ముందు వేళ్లతో ఎక్కించి, తర్వాత ఎదురెదురుగా కొంచెం కొంచెంగా మూడు విడతల్లో బిగించాడు. కొత్త బెల్టుల జత 700. బొటనవేలితో మధ్యలో నొక్కితే సుమారు ఒక సెంటీమీటరు దిగాలి, అంతకంటే బిగువు వద్దంటాడు.

మంచి నీళ్లు పోసి, తిప్పి, దించి, మూడుసార్లు కడిగారు. మొదటిది ఇటుక రంగు, మూడోది తేట. తర్వాత నాలుగు లీటర్ల చిక్కటి కూలెంట్, 1,400 రూపాయలు. దానికి సమంగా బ్యాటరీలో పోసే శుద్ధ జలం, డబ్బా 100 రూపాయలు. కలిపి పోసేటప్పుడు తొందర పనికిరాదు. మూత తీసి, హీటర్ పూర్తి వేడికి పెట్టి, ఇంజన్ నెమ్మదిగా తిరగనిస్తూ పై గొట్టాన్ని పిసుకుతుంటే బుడగలు గుడగుడమంటూ పైకొస్తాయి. థర్మోస్టాట్ తెరుచుకోగానే మట్టం ఒక్కసారిగా కిందికి జారుతుంది, మళ్లీ నింపుతారు. బుడగలు ఆగడానికి 25 నిమిషాలు పట్టింది. లోపల గాలి మిగిలిపోతే ఆ గాలి నిలిచిన చోట ఇనుము కాలుతుంది, అప్పుడు హెడ్‌కు నిజంగానే జబ్బు వస్తుంది.

సాయంత్రం మళ్లీ గన్నవరం. మళ్లీ చీకట్లో ఊదా టార్చి. రెక్కల వెనక, చట్రం లోపల, బానెట్ అడుగున నలుపు తప్ప ఏమీ లేదు. రెండు రోజుల కూలి 1,800. మొత్తం 7,210. పాత పంపును గుడ్డలో చుట్టి మావయ్య చేతికిచ్చాడు మేస్త్రీ. "బెజ్జం చూసుకోండి మాస్టారూ, బోరు నీళ్లు మాత్రం ఇంక పొయ్యమాకండి."

ప్లాస్టిక్ డబ్బా మీద చల్లటి ఇంజన్ మట్టానికి మార్కర్‌తో ఒక గీత గీసి, పక్కన తేదీ, కిలోమీటర్లు రాశాడు. మూడు వారాల తర్వాత మావయ్య ఇంటికి ఉయ్యూరు వెళ్లినప్పుడు పొద్దున్నే బానెట్ ఎత్తి చూశాను. బండి 900 కిలోమీటర్లు తిరిగింది. కూలెంట్ గీత దగ్గరే ఉంది.