పేపర్లు చదవడానికి ఏ ఈ-రీడర్? ముందు పేజీ కొలవండి

ఆగస్టు దగ్గర పడుతోందంటే అమెరికా యూనివర్సిటీల తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది: "అన్నా, కిండిల్ ఇక్కడే కొని తెచ్చుకోమంటారా, అక్కడికొచ్చాక తీసుకోమంటారా?" సీనియర్లు రెండు వర్గాలుగా విడిపోయి ధరలు, ఆఫర్లు ఏకరువు పెడతారు. ఏం చదవడానికి అని మాత్రం ఎవరూ అడగరు. అసలు అడగాల్సింది అదే.

నవలలకైతే 6 అంగుళాల కిండిల్ చక్కటి వస్తువు. నవల ఈపబ్ లాంటి ఫైలుగా వస్తుంది కాబట్టి అక్షరం పెద్దది చేస్తే వాక్యాలు తెర వెడల్పుకు తగ్గట్టు సర్దుకుంటాయి. కానీ మీ ప్రొఫెసరు మొదటి వారంలోనే సిలబస్‌లో పెట్టే పేపర్లు పీడీఎఫ్‌లు. పీడీఎఫ్ అంటే అచ్చయిన కాగితానికి ఫొటో తీసినంత పని. పేజీలో ఏ అక్షరం ఎక్కడుందో అక్కడే ఉంటుంది, తెర చిన్నదైతే పేజీ మొత్తం చిన్నదవుతుంది.

ఎంత చిన్నదవుతుందో లెక్కేసి చూడండి. అమెరికాలో వాడే లెటర్ సైజు కాగితం 8.5 అంగుళాల వెడల్పు, 11 అంగుళాల పొడవు. ఐఈఈఈ కాన్ఫరెన్సు పేపరు దాని మీద రెండు కాలమ్‌లుగా, 10 పాయింట్ల అక్షరంతో ఉంటుంది. చుట్టూ ఉన్న మార్జిన్లన్నీ కత్తిరించేసినా రెండు కాలమ్‌లూ కలిపి 7 అంగుళాల పైచిలుకు వెడల్పు. ఇక 6 అంగుళాల రీడరు అంటే మూల నుంచి మూలకు కొలిచిన కొలత, దాని తెర వెడల్పు మూడున్నర అంగుళాలు దాటి కాస్త ఉంటుంది. 7 అంగుళాల రాతను అందులో ఇరికిస్తే 10 పాయింట్ల అక్షరం 5 పాయింట్లకు దిగుతుంది. మాత్రల పెట్టెలో మడిచి పెట్టే కాగితం మీది అక్షరాల్లా ఉంటుందన్నమాట. మామూలు వాక్యాన్ని ఎలాగోలా చదువుకుంటారు, సమీకరణంలో కింద రాసిన చిన్న ఐ ఏదో, జే ఏదో తేల్చుకోవడానికి మాత్రం కళ్లు చాలవు.

అదే పేజీ 10.3 అంగుళాల రీడరు మీద పెడితే తెర వెడల్పు 6 అంగుళాలు దాటుతుంది, మార్జిన్లు తీసేస్తే అక్షరం ఎనిమిదిన్నర పాయింట్లకు పైనే వస్తుంది. హాయిగా చదవచ్చు. 13.3 అంగుళాల తెర వెడల్పు 8 అంగుళాలు, అంటే దాదాపు కాగితమే. కాబట్టి పేపర్ల కోసం కొనేవాళ్లు 10 అంగుళాలకు తక్కువైన దేన్నీ చూడనక్కర్లేదు, బ్రాండు ఏదైనా సరే. ఇప్పటికే చిన్న కిండిల్ ఉన్నవాళ్లు దాన్ని పారేయక్కర్లేదు. అడ్డంగా తిప్పి పేజీని ముక్కలుగా చదవచ్చు, లేదా కేటూపీడీఎఫ్‌ఆప్ట్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో రెండు కాలమ్‌లను ఒకటిగా మార్చుకోవచ్చు. పరిశోధనా పేపర్లు ఉంచే ఆర్కైవ్ (arXiv) సైటులో 2023 చివరి నుంచి చాలా కొత్త పేపర్లకు వెబ్ పేజీ రూపం కూడా ఇస్తున్నారు, అది చిన్న తెరకు బాగానే ఒదుగుతుంది. బస్సులో ఒక పేపరుకు ఇవి సరిపోతాయి. సెమిస్టరంతా ఇలాగే లాగాలంటే విసుగొస్తుంది.

తెర సంగతి కూడా తెలుసుకోండి. ఈ-ఇంక్ తెర లోపల వెంట్రుక మందపు గుళికలు, వాటిలో నలుపు తెలుపు రేణువులు ఉంటాయి. విద్యుత్తు పెడితే అవి పైకీ కిందికీ కదిలి అక్షరంగా నిలబడతాయి. ఒకసారి నిలబడ్డాక కరెంటు అక్కర్లేదు. బ్యాటరీ రోజుల తరబడి రావడానికి కారణం ఇదే. కానీ ఆ రేణువులు కదలడానికి సమయం పడుతుంది. నవల వరసగా చదువుతాం కాబట్టి అక్కడ తేడా తెలియదు. టెక్స్ట్‌బుక్ అలా చదవం కదా! లెక్క 214వ పేజీలో, దానికి కావలసిన సిద్ధాంతం 187లో, పట్టిక పుస్తకం చివర్లో ఉంటుంది. కాగితం పుస్తకంలో వేళ్లు అడ్డం పెట్టుకుని ముందుకీ వెనక్కీ తిప్పేవాళ్లం. ఈ-ఇంక్ మీద ప్రతి గెంతుకూ తెర ఒకసారి మిణుకుమంటుంది. అందుకే నేను పేపర్లకు ఈ-ఇంక్‌ను మెచ్చుకుంటాను గానీ లెక్కలు చేసే టెక్స్ట్‌బుక్‌లకు సిఫార్సు చేయను.

అమెరికా యూనివర్సిటీలకు ఈ అనుభవం కొత్తేమీ కాదు. 2009లో అమెజాన్ 9.7 అంగుళాల కిండిల్ డీఎక్స్‌ను ముఖ్యంగా టెక్స్ట్‌బుక్‌లను దృష్టిలో పెట్టుకుని తెచ్చింది. ఆ ఏడాదే ప్రిన్స్‌టన్ మూడు కోర్సుల్లో విద్యార్థుల చేతికిచ్చి చూసింది. ప్రింట్ల వాడకం తగ్గింది, కానీ గీతలు గీసుకోవడం, పక్కన రాసుకోవడం కష్టంగా ఉందని పిల్లలు మొత్తుకున్నారు. అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో ఇంకో గొడవ. డీఎక్స్ మెనూలు అంధులు వాడుకునేలా లేవని అంధుల సంఘాలు కోర్టుకెళ్లాయి, 2010 మొదట్లో రాజీ కుదిరింది. ఇప్పుడు స్టైలస్‌తో రాసే రీడర్లు వచ్చాక మొదటి ఫిర్యాదు చాలావరకు తీరింది.

ఇక టెక్స్ట్‌బుక్‌ల తాళం సంగతి. ఏ ఫైలయినా రీడర్లోకి ఎక్కించుకోవచ్చనుకుని కొంటారు చాలామంది. కానీ క్యాంపస్ బుక్‌స్టోర్ అమ్మే ఈ-పుస్తకాలు తరచు వైటల్‌సోర్స్, రెడ్‌షెల్ఫ్ లాంటి యాప్‌ల లోపలే తెరుచుకుంటాయి. అవి కిండిల్లోకి, రీమార్కబుల్‌లోకి రావు. కొన్ని కోర్సుల్లో హోంవర్కు చేసి పంపడానికే యాక్సెస్ కోడ్ కొనాలి, దానితో పాటు వచ్చే పుస్తకం వెబ్ బ్రౌజర్లో తప్ప కనపడదు. ఏ కోర్సు ఎలా ఉందో సిలబస్ చేతికొస్తే గానీ తెలియదు. కాబట్టి క్లాసులు మొదలై రెండు వారాలు గడిచేదాకా ఈ-రీడర్ మీద ఒక్క డాలరు కూడా పెట్టకండి.

ఈలోగా లైబ్రరీ వెబ్‌సైట్లో యూనివర్సిటీ ఐడీతో లాగిన్ అయి చూడండి. స్ప్రింగర్ పుస్తకాలు చాలా యూనివర్సిటీల్లో తాళం లేని పీడీఎఫ్‌లుగా అధ్యాయాల వారీగా దొరుకుతాయి, ఇవి ఏ రీడర్లోనైనా తెరుచుకుంటాయి. తమ దగ్గర లేని పుస్తకంలోని అధ్యాయాన్ని వేరే యూనివర్సిటీ నుంచి స్కాన్ చేయించి తెప్పించే ఇంటర్‌లైబ్రరీ లోన్ ఉంటుంది, సాధారణంగా విద్యార్థులకు ఉచితమే. మనవాళ్లు దాన్ని అడగడానికి ఎందుకో మొహమాటపడతారు. డిగ్రీ మొదటి రెండేళ్ల స్థాయి పుస్తకాలైతే రైస్ యూనివర్సిటీవారి ఓపెన్‌స్టాక్స్ పూర్తిగా ఉచితం. ఇండియాలో దొరికే చవక ఎడిషన్లు సూట్‌కేసులో తెచ్చుకోవడం తప్పేమోనని భయపడేవాళ్లకు ఒక మాట. కార్నెల్‌లో చదివిన కిర్ట్‌సాంగ్ అనే థాయ్ విద్యార్థి తన దేశపు చవక ఎడిషన్లను అమెరికాలో తిరిగి అమ్మితే వైలీ ప్రచురణ సంస్థ దావా వేసింది. 2013లో సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో విద్యార్థి పక్షాన తీర్పిచ్చింది. మీరు అమ్మడానికి కూడా కాదు, చదువుకోవడానికే కదా తెచ్చుకుంటున్నది. అయితే అలాంటి ఎడిషన్లో అధ్యాయం చివరి లెక్కల వరస మారి ఉండొచ్చు. హోంవర్కు చేసేముందు క్లాస్‌మేట్ పుస్తకంతో ఒకసారి సరిచూసుకోండి.

రెండు వారాలయ్యాక కూడా కావాలనే అనిపిస్తే, అప్పుడు ఏది? పేపర్లు చదివి, పక్కన రాసుకుని, ఇంకేమీ వద్దనుకుంటే కిండిల్ స్క్రైబ్ గానీ రీమార్కబుల్ గానీ చాలు. రెండిట్లోనూ 10 అంగుళాల పైన మోడళ్లు ఉన్నాయి, రాయడానికి బాగుంటాయి. వేరే యాప్‌లు వేసుకోనివ్వవు, చదువుకునే వేళ అది లోపం కూడా కాదేమో. బూక్స్ రీడర్లు ఆండ్రాయిడ్ మీద నడుస్తాయి కాబట్టి పేపర్లు దాచుకునే జొటేరో, లైబ్రరీ యాప్‌లు, కోర్సు యాప్‌లు వేసుకోవచ్చు. వాటితో పాటు వాట్సాప్ కూడా వచ్చి కూర్చుంటుంది, జాగ్రత్త. బూక్స్‌లో 13.3 అంగుళాలవీ ఉన్నాయి. థీసిస్ రాసే పీహెచ్‌డీ వాళ్లకైతే నేను అవే చెబుతాను, ధర గుండె గుభేలుమనిపించినా సరే. రంగుల ఈ-ఇంక్‌కు మోసపోకండి. చాలావాటిలో నలుపు తెలుపు అక్షరం అంగుళానికి 300 చుక్కలతో ఉంటే రంగు 150 చుక్కలతో వస్తుంది, తెర కూడా కాస్త మసకగా కనిపిస్తుంది. గ్రాఫుల్లో ఎర్రగీత ఏదో నీలంగీత ఏదో చూడ్డమే మీ పనైతే పాత ఐప్యాడ్ నయం.

నిజానికి డబ్బు ఒక్క వస్తువుకే సరిపోతుందనుకుంటే ఈ-రీడరే వద్దంటాను. ఒక పాత 24 అంగుళాల మానిటర్ కొని నిలువుగా తిప్పి పెట్టుకోండి, లెటర్ సైజు పేజీ పూర్తి సైజులో, రంగుల్లో కనిపిస్తుంది. మే, డిసెంబరు నెలల్లో చదువు ముగించుకుని ఊరు మారేవాళ్లు వీటిని కారుచవగ్గా ఇచ్చేస్తారు.

ధర దగ్గర ఇండియా లెక్క పనికిరాదు. అమెరికాలో బోర్డు మీద ఉన్న ధరకు పన్ను విడిగా పడుతుంది. డాలస్‌లో అది 8.25 శాతం, కాబట్టి 400 డాలర్ల రీడరు బిల్లు దగ్గర 433 అవుతుంది. గంటకు 12 డాలర్ల క్యాంపస్ ఉద్యోగంలో అది 36 గంటల పని. ఎఫ్-1 వీసా మీద సెమిస్టర్లో వారానికి 20 గంటలకు మించి చేయకూడదు కనుక దాదాపు రెండు వారాల జీతం. స్టైలస్, కవరు ధరలో కలిసి ఉన్నాయో లేదో చూడండి. ఆరెగన్, డెలావేర్, న్యూ హాంప్‌షర్‌లలో అమ్మకం పన్ను లేదు, అక్కడ చుట్టాలుంటే వెళ్లినప్పుడు కొనుక్కోండి. సెకండ్‌హ్యాండ్ కిండిల్ అయితే డబ్బిచ్చే ముందే అమ్మేవాళ్ల అకౌంటు నుంచి దాన్ని తీయించి, మీ అకౌంటుతో లాగిన్ అయి చూసుకోండి. లైబ్రరీలో కలుసుకుంటే వైఫై కూడా ఉంటుంది.

తెలుగు చదువుకునేవాళ్లకు ఒక విషయం. 2016లో అమెజాన్ కిండిల్లో భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, మనది లేదు. అయినా పెద్ద రీడరు కొన్నవాళ్లకు దిగులు లేదు. మన నవలలు ఎక్కువగా ఐదున్నర, ఎనిమిదిన్నర అంగుళాల పేజీ మీద అచ్చవుతాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరికే పాత పుస్తకాల స్కాన్లు 10.3 అంగుళాల తెర మీద దాదాపు అచ్చు సైజులోనే కనిపిస్తాయి. ఫైళ్లు బరువు కాబట్టి పేజీ తిరగడం కాస్త నెమ్మది.

కొన్నాక వెనక్కిచ్చే గడువు ఎన్ని రోజులో బిల్లు మీద చూసుకుని, మొదటి రోజే మీ సబ్జెక్టులో అతి జటిలమైన పేపరు, స్కాన్ చేసిన ఒక అధ్యాయం, 800 పేజీల టెక్స్ట్‌బుక్ మూడూ ఎక్కించండి. నాలుగు గీతలు గీసి, రెండు ముక్కలు రాసి ఆ ఫైలును లాప్‌టాప్‌లోకి తీసుకోండి, రాసింది కనిపిస్తోందా లేదా చూడండి. కొన్నిట్లో రాత రీడర్లోనే ఉండిపోతుంది, జొటేరోకు కనపడదు. ఓపెన్‌బుక్ పరీక్షకు రీడరు తీసుకురావచ్చా అని ప్రొఫెసర్‌ను ఈమెయిల్‌లో అడిగి పెట్టుకోండి. వైఫై ఉన్న ఏ వస్తువునూ కొందరు ఒప్పుకోరు, అప్పుడు ప్రింట్లే గతి. గడువు తీరేదాకా అట్టపెట్టె పారేయకండి.