డాలీగంజ్ ఎంత దూరం?

అండమాన్ రాజధానిలో, విమానాశ్రయానికి దగ్గరగా ఉన్న పేట డాలీగంజ్. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి ఈ దీవుల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. సొంతూరు రావాలంటే వాళ్లకు విమానమో, ఓడో తప్ప దారి లేదు.

పరీక్షలకు సిద్ధమయ్యే అభ్యర్థులు ముందుగా గుర్తుంచుకోవాల్సింది ఈ రాజధాని పేరు మార్పు. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్‌ను శ్రీ విజయ పురంగా మార్చారు. విమానాశ్రయం మాత్రం వీర్ సావర్కర్ పేరుతోనే ఉంది. దాని కొత్త టెర్మినల్ 2023 జులైలో ప్రారంభమైంది.

సరళరేఖలో శ్రీ విజయ పురానికి విశాఖ నుంచి సుమారు 1,225 కి.మీ., చెన్నై నుంచి 1,370, హైదరాబాద్ నుంచి 1,660. గంటకు 800 కి.మీ. వేగంతో లెక్కిస్తే చెన్నై ప్రయాణం గంటా 43 నిమిషాలే. కానీ టికెట్ మీద రెండు గంటలకు పైగా కనిపిస్తుంది. విమానం రన్‌వే దాకా కదలడం, పైకి లేవడం, దిగడం అన్నీ అందులో కలుస్తాయి. ఓడలోనైతే రెండున్నర నుంచి మూడు రోజులు పడుతుంది.

పరీక్షల్లో తికమకపెట్టేది సమయమే. భారత ప్రామాణిక రేఖాంశం 82.5 డిగ్రీలు, కాకినాడ సమీపంగా వెళ్తుంది. శ్రీ విజయ పురం దాదాపు 92.7 డిగ్రీల దగ్గర ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున తేడా దాదాపు 41 నిమిషాలు. అయినా గడియారం ఒక్కటే. అందుకే అక్కడ తెల్లవారుజామునే ఎండ కాస్తుంది, సాయంత్రం త్వరగా చీకటి పడుతుంది.